గిటార్ల ఫ్యాక్టరీలో మా అత్త మాట

నా చిన్నప్పుడు రాయపూర్‌లో గిటార్లు తయారయ్యేవంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. అవి మామూలు గిటార్లు కూడా కావు, ఒక అమెరికా కంపెనీ పేరుతో అమ్ముడుపోయేవి. ఆ పేరు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. గుఢియారి బస్తీలో ఒక కోత మిల్లు వెనక, రేకుల షెడ్డులో ఆ కార్ఖానా నడిచేది. మిల్లులో పలచగా కోసిన టేకు, శీశం చెక్కల్ని మగవాళ్ళు వేడి గొట్టం మీద వంచి, జిగురు పెట్టి గిటార్ ఆకారానికి తెచ్చేవాళ్ళు. ఆ తర్వాత పనంతా ఆడవాళ్ళది. ఉప్పుకాగితంతో రుద్దడం, లక్క పాలిష్ పట్టించడం, ఆరాక మళ్ళీ రుద్దడం. ఆఖర్న గిటార్ బొజ్జలో ఇంగ్లీషు అక్షరాల కాగితం ఒకటి అంటించేవాళ్ళు. అది అంటించగానే మా గుఢియారి గిటార్ అమెరికా గిటార్ అయిపోయేది.

మా మేనత్త అక్కడ పనిచేసేది. మా నాన్న రైల్వేలో ఖలాసీ. పార్వతీపురం వైపు నుంచి ఉద్యోగానికని వచ్చినప్పుడు, పెళ్ళి కుదరని తన అక్కను కూడా వెంట తెచ్చుకున్నాడు. తర్వాత సంబంధాలు వచ్చినా, ఈసారి ఆవిడే వద్దంది. పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని, ముక్కుకి కట్టుకోవడానికి పాత గుడ్డ ఒకటి భుజాన వేసుకుని వెళ్ళేది. సాయంత్రం వచ్చేసరికి కనుబొమ్మల మీద చెక్కపొడి ఉండేది, వేళ్ళు లక్కతో ఎర్రగా ఉండేవి. ఆ వేళ్ళతోనే నాకు జడ వేసేది. మా ఇంట్లో ఎవరికీ గిటార్ వాయించడం రాదు. ఆవిడకీ రాదు. కానీ సినిమా పాటలో గిటార్ వినిపిస్తే చాలు, రేడియో దగ్గరికి వచ్చి నిలబడేది.

ఆవిడతో పాటు పనిచేసేవాళ్ళలో మన తెలుగువాళ్ళు కొందరు, పక్క బస్తీ ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు కొందరు. వాళ్ళలో అందరికన్నా పెద్దామెను ఏ భాషవాళ్ళయినా దాయీ అనే, అంటే అమ్మ అనే పిలిచేవాళ్ళు. నేను సెలవు రోజుల్లో వెళితే ఆమె తన డబ్బాలోంచి బియ్యప్పిండి చీలా రొట్టె తుంచి పెట్టేది.

నాకు పదకొండేళ్ళప్పుడు ఆ కార్ఖానాని ఊరి బయట ఉర్లాకి మారుస్తున్నారని తెలిసింది. అప్పట్లో బీర్‌గావ్ దాటితే పొలాలే. వాటి మధ్య ఒక్కొక్క ఫ్యాక్టరీ లేస్తోంది. అమెరికా కంపెనీ ఎక్కువ సరుకు అడుగుతోందని, అందుకే యజమాని సేఠ్ పెద్ద కట్టడం కడుతున్నాడని అత్త ఇంటికొచ్చి సంబరంగా చెప్పింది. ఆ సంబరం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే షెడ్డు ఖాళీ చేసేటప్పుడు చెక్క అచ్చుల్ని గడ్డిలో చుట్టి లారీకెత్తింది ఈ ఆడవాళ్ళే. కొత్త ఫ్యాక్టరీ నేల మీద గట్టిపడిన సిమెంటు మరకల్ని కొబ్బరిపీచుతో రుద్ది కడిగింది కూడా వీళ్ళే. కడుగుతూ కడుగుతూ అత్త ఒక కిటికీ పక్కన చోటు చూసుకుందట. పొడి బయటికి పోతుంది, దాయీకి దగ్గు తగ్గుతుంది అని లెక్కలు వేసుకుంది.

అంతలో ఎవరో మేస్త్రీ నోరు జారాడు. అక్కడ రుద్దడానికి మిషన్లు వస్తున్నాయట, వాటి మీద పనిచేయడానికి ఐటీఐ చదివిన కుర్రాళ్ళని తీసుకున్నారట. అత్త వెళ్ళి సేఠ్‌ని అడిగింది. ఆయన "దేఖేంగే, దేఖేంగే" అన్నాడు. చూద్దాం, చూద్దాం అని. మళ్ళీ అడిగితే అదే మాట. కాదని చెప్పే ధైర్యం ఆయనకు లేదు, అవునని చెప్పే ఉద్దేశమూ లేదు. పైగా ప్రారంభోత్సవానికి అమెరికా కంపెనీ పెద్దమనిషి వస్తున్నాడనీ, ఆడవాళ్ళంతా మంచి చీరలు కట్టుకుని హారతి పళ్ళేలతో నిలబడాలనీ చెప్పాడు. "నీ మేనకోడల్ని తీసుకురా, బడికి వెళుతుంది కదా. దండ వేయిద్దాం, గుడ్ మార్నింగ్ చెప్పిద్దాం" అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. అమ్మ నా గులాబీ గౌను మళ్ళీ ఉతికింది. రెండు రోజుల తర్వాత అత్త నన్ను పెరట్లోకి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఒలే గుంటా, దండ ఏసినాక ఒక్క మాట అడగాల. అడుగుతావా?"

"ఏమడగాలి?"

"నయీ ఫ్యాక్టరీ మేఁ మేరీ బువా కహాఁ బైఠేగీ, అనడుగు. అంతే. మరేటీ అనకు."

కొత్త ఫ్యాక్టరీలో మా అత్త ఎక్కడ కూర్చుంటుంది? ఇంత చిన్న మాటకి ఇంత ఏర్పాటు ఎందుకో నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళు అడగబోతే మధ్యలోనే ఆపేస్తారనీ, దండ పట్టుకున్న పిల్లని ఎవరూ నెట్టలేరనీ అత్త ఆలోచించింది. అందరి ముందూ అడిగితే సేఠ్ దేఖేంగే అనలేడు. సేఠ్ కొడుకు బొంబాయిలో చదివినవాడు, అమెరికా దొరకి ఇంగ్లీషులో చెప్పేది అతనే. చదువుకున్న కుర్రాడు, ఉన్నది ఉన్నట్టు చెబుతాడని అత్త నమ్మింది.

ఆ రోజు ఆడవాళ్ళందరినీ లారీలో ఎక్కించుకుని ఉర్లా తీసుకెళ్ళారు. రంగుకాగితాలు, షామియానా, మైకు. మగవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. మా ఆడవాళ్ళు ఎండలో రెండు వరసలుగా నిలబడ్డారు, పళ్ళేల్లో కర్పూరం ఆరిపోతుంటే మళ్ళీ వెలిగించుకుంటూ. అమెరికా పెద్దమనిషి బాగా పొడుగు, ముఖం ఎండకి కందిపోయింది. చెడ్డవాడిలా లేడు. నేను దండ వేయడానికి మోకాళ్ళ మీదకి వంగాడు. గుడ్ మార్నింగ్ చెప్పాను. ఆ వెంటనే అత్త నేర్పిన మాట అడిగేశాను. మైకు దగ్గరే ఉండడంతో అది షామియానా అంతా వినిపించింది.

సేఠ్ ముఖం మాడిపోయింది. దొర నవ్వుతూ సేఠ్ కొడుకు వైపు చూశాడు, ఏమంటోంది అన్నట్టు. సేఠ్ కొడుకు ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఈ పాప వాళ్ళ అత్త చాలా సంతోషంగా ఉందట, ఇన్నేళ్ళు పనిచేసింది కాబట్టి ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకుంటుందట, మీకు థాంక్స్ చెబుతోంది అని ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. నూనె రాసిన జడలతో ఉన్న రైల్వే బడి పిల్లకి ఇంగ్లీషు ఏం తెలుస్తుందనుకున్నాడో ఏమో. నాకు అన్ని మాటలూ అందలేదు. కానీ వెరీ హ్యాపీ అందింది. రెస్ట్ అట్ హోమ్ అందింది. థాంక్యూ అందింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ఆ మాట విని దొర కదిలిపోయాడు. ఎండలో నిలబడ్డ ఆడవాళ్ళ వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి తల వంచాడు. పాపం వాళ్ళకేం తెలుసు? మంచి మాటే చెప్పి ఉంటాడనుకుని, పళ్ళేలు ఒక చేతిలోకి మార్చుకుని అందరూ తిరిగి నమస్కారం పెట్టారు. దాయీ అయితే దీవించినట్టు చెయ్యెత్తింది. తమ పని పోయిందన్న మాటకి వాళ్ళ చేతనే దండం పెట్టించారు. జనం చప్పట్లు కొట్టారు.

నేను పరుగెత్తుకుంటూ అత్త దగ్గరికి వెళ్ళాను.

"ఏటంతన్నాడే దొర? ఎక్కడ కూకోమన్నాడు?" అంది ఆశగా.

నాకు అందిన మూడు ముక్కలూ తెలుగులో చెప్పాను. అత్త రెండోసారి చెప్పించుకుంది. పక్కనున్న వాళ్ళకి హిందీలో చెప్పింది. దాయీ వెంటనే నమ్మలేదు. నమ్మాక, "హమన్ కహాఁ జాబో?" అంది. మేమెక్కడికి పోవాలి అని.

అత్త పళ్ళెం నేల మీద పెట్టింది. నా చెయ్యి పట్టుకుని నేరుగా వేదిక వైపు నడిచింది. ఎవరో అడ్డం వచ్చారు. ఆవిడ ఆగలేదు.

"ఇప్పుడు నువ్వు సెప్పు. నీకొచ్చిన ఇంగిలీసులోనే సెప్పు. తప్పయినా పరవానేదు."

నాకు వచ్చింది ఎంతని? అయినా దొర చొక్కా చెయ్యి పట్టుకుని లాగాను. "నో హ్యాపీ సార్. నాట్ రెస్ట్. మై ఆంటీ వాంట్ వర్క్. ఆల్ ఆంటీస్ వాంట్ వర్క్" అన్నాను. ఏడుపు వచ్చేసింది. దొర నవ్వు ఆగిపోయింది. అతను సేఠ్ కొడుకుని చూశాడు, ఆడవాళ్ళని చూశాడు. ఏదో గట్టిగానే అడిగాడు. సేఠ్ కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. సేఠ్ మాత్రం గబుక్కున మైకు అందుకుని, పాతవాళ్ళందరికీ ఇక్కడ పని ఉంటుంది, పిల్ల ఏదో పొరపాటు పడింది అని నవ్వుతూ ప్రకటించాడు. మళ్ళీ చప్పట్లు. దొర అంతకంటే లోతుకి వెళ్ళలేదు. కాసేపటికి కారెక్కి వెళ్ళిపోయాడు. అతను చెడ్డవాడు కాదని నేను ముందే రాశాను. కానీ ఒక్కమాట, ఇంకొక్కమాట అడిగి ఉండొచ్చు కదా అని ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు కోపం వస్తుంది.

తిరుగు ప్రయాణానికి లారీ లేదన్నారు. ఉర్లా నుంచి గుఢియారి దాకా ఆడవాళ్ళంతా మట్టిరోడ్డు మీద నడుచుకుంటూ వచ్చాం. పెళ్ళి నుంచి వస్తున్నట్టు మంచి చీరలు. బీర్‌గావ్ దగ్గర చేతిపంపు కనిపిస్తే నీళ్ళు తాగి, దాయీ కోసం కాసేపు ఆగాం.

మైకులో ఇచ్చిన మాట ఏమైందో చెప్పాలి. కొత్త ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వీళ్ళు రోజూ వెళ్ళి నిలబడ్డారు. చివరికి కొందరిని లోపలికి తీసుకున్నారు, పాలిష్ పనికి కాదు, ఊడవడానికి. తాము కడిగిన నేలనే మళ్ళీ ఊడవడానికి. దాయీని దగ్గు ఉందని వద్దన్నారు. ఆ దగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. మా అత్తని గేటు కూడా దాటనివ్వలేదు. తగువులమారికి ఇక్కడ చోటు లేదని కాపలావాడి చేత చెప్పించాడు సేఠ్.

ఆ మాట విన్న రోజు అత్త ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడకానుకుని కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళి, నా వల్లే నీ పని పోయిందా అత్తా అని అడిగాను. ఆవిడకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"నీ వల్లేటే? ఆ పని ఆడు ఎప్పుడో తీసేసినాడు. నువ్వు సెప్పకపోతే, నాను సంతోసంగా ఎల్లిపోనానని ఆ దొర అమెరికాలో సెప్పుకునేవోడు. పని తీసుకున్నాడు, సరే. నా నోట్లో మాట కూడా ఆడే తీసుకుంటాడేటి? అది నాను ఇవ్వను."

మళ్ళీ తనే అంది. "నాకు సంతోసం నేదు. ఆ ముక్క ఆడికి తెలిసింది. సాలు."

తర్వాత అత్త ఒక ఫర్నిచర్ దుకాణంలో కుర్చీలకి, మంచాలకి పాలిష్ పెట్టే పనిలో చేరింది. నేను పదో తరగతి దాటాక ఒక రోజు మా నాన్న వార్త తెచ్చాడు. అమెరికా కంపెనీ ఇంకా చవగ్గా చేసే చోటు ఇంకో దేశంలో దొరికిందని తన పనంతా అక్కడి కొత్త ఫ్యాక్టరీకి మార్చుకుందట. ఉర్లా ఫ్యాక్టరీ మూతపడింది. సేఠ్‌కి తగిన శాస్తి జరిగిందని మా నాన్న నవ్వాడు. అత్త నవ్వలేదు. "నవ్వుతావేట్రా? ఊడిసే ఆడోల్లు ఇప్పుడెక్కడికెల్తారు? ఆ కుర్రోల్లు ఎక్కడికెల్తారు? ఆల్లకి ఎవరైనా సెప్పినారా?" అని నాన్న మీద విరుచుకుపడింది. తనని గేటు బయట నిలబెట్టిన ఫ్యాక్టరీ కోసం ఆవిడ అంత మండిపడింది.

నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. రాయపూర్‌లో ఒక ఆసుపత్రిలో రిటైరయ్యే దాకా పనిచేశాను. మనవైపు నుంచి వచ్చిన ముసలివాళ్ళకి హిందీ రాదు, డాక్టర్లకి తెలుగు రాదు. మధ్యలో నేను. మాట మార్చి చెప్పడం ఎంత తేలికో నాకు అక్కడ తెలిసింది. నాలుగు మాటలు మింగేస్తే అందరికీ పని త్వరగా అవుతుంది, అందరూ మర్యాదగానే ఉంటారు.

ఒకసారి బొబ్బిలి వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ, "మందు పని సెయ్యనేదు. మూడు సార్లొచ్చినాను, ఈ బాబు నా మొకం సూడనేదు" అంది. డాక్టరుగారు చీటీ మీద నుంచి తల ఎత్తకుండా, తగ్గిందంటోందా అని నన్నడిగారు. బయట చాంతాడంత వరస ఉంది. నేను ఆ పెద్దావిడ మాట హిందీలోకి తిప్పి, ఒక్క ముక్క కూడా తగ్గించకుండా, ముఖం చూడలేదన్న ముక్కతో సహా చెప్పాను. ఆయన కలం ఆగింది. నా మీద కోప్పడతారనుకున్నాను. కోప్పడ్డారు కూడా. కానీ ఆ తర్వాత కుర్చీ ఇటు తిప్పి, మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసి, ఎక్కడ నొప్పి అని అడిగారు.