శనివారం సంతలో బోణీ

జర్మనీకి పోయేముందు నాకు భయం లేదు. ఉందని చెబితే వినేవాళ్ళకు బాగుంటుందేమో గానీ, నిజంగానే లేదు. ఆదోనిలో ధాన్యం వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. సెలవులొస్తే ఎమ్మిగనూరులో మేనత్త బట్టల అంగట్లో కూర్చుని, చీర చూసి పెదవి విరిచిన ఆడవాళ్ళ చేతనే రెండేసి చీరలు కొనిపించినదాన్ని. భాష కొత్తదైతేనేం, మనుషులే కదా అనుకున్నాను. ఏడాది పాటు పొద్దున జర్మన్ తరగతులు, మిగతా వేళల్లో ఏదో ఒక పని.

మొదట హోటల్ వంటింట్లో పని దొరికింది. అంట్లు తోమాలి. నా పక్కన తోమే అమ్మాయిది నంద్యాల, అబ్బాయిది లక్నో. రోజంతా తెలుగూ హిందీనే. తరగతిలో పొద్దున నేర్చుకున్న నాలుగు మాటలూ సాయంత్రానికి సబ్బునీళ్ళలో కొట్టుకుపోయేవి. ఇలాగే ఏడాది గడిస్తే నేను బాగా నేర్చుకుని పోయేది హిందీయే అని తేలిపోయింది. ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చింది గిన్నెల మోత వినడానికా?

నేనున్న ఊళ్ళో శనివారం శనివారం సంత జరుగుతుంది. అక్కడ కూరగాయలమ్మే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, ముందే బట్టీపట్టిన మాటలతో పని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నెల రోజులు చూస్తాను. పనికొస్తే ఉంచుకుంటాను" అంది. ఉంచుకోకపోతే మళ్ళీ ఆ గిన్నెల దగ్గరికే. ఏడాదిలో నా నోటికి జర్మన్ వస్తుందా రాదా అన్నది ఆవిడ చేతుల్లో పడింది.

పని నాకు చేతనైనదే. టమాటాలు ఒక్కొక్కటే తుడిచి, తొడిమ పైకి వచ్చేలా పేర్చాలి. పత్తికొండ మార్కెట్లో ట్రాక్టర్ల మీంచి గుట్టలుగా దిగే టమాటాలు చూసిన కళ్ళకు అవి పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కనిపించేవి. బేరాలన్నీ ఆవిడే చూసుకునేది. బేరాలంటే ఏముంది, పలక మీద ధర రాసిపెడుతుంది, వచ్చినవాళ్ళు చదువుకుని డబ్బిచ్చి పోతారు. ఇదీ ఒక వ్యాపారమేనా అని లోపల నవ్వుకునేదాన్ని.

ఒక శనివారం ఆవిడ వ్యాను దగ్గర పెట్టెలు దించుతుండగా మొదటి గిరాకీ వచ్చాడు. టోపీ పెట్టుకున్న ముసలాయన. క్యాలీఫ్లవర్ చేతిలోకి తీసుకున్నాడు, తిప్పి చూశాడు, పలక చదివాడు, పెట్టేసి కదిలాడు.

బోణీ గిరాకీ ఒట్టి చేతులతో పోతున్నాడు! నా కాళ్ళు నన్నడగలేదు. ఆ క్యాలీఫ్లవర్ పట్టుకుని, మాటలు మనసులో కట్టుకుంటూనే ఆయన వెనక పరుగెత్తాను. "అయ్యా, మీరే చెప్పండి, ఎంతకిమ్మంటారు?" ఆయన బిత్తరపోయి చుట్టూ చూశాడు. నేను వదల్లేదు. చివరికి సగం ధరకు ఆయన సంచిలో పెట్టి గెలిచినట్టు తిరిగొచ్చాను. వచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్ళు మాకూ అదే ధరకు కావాలని నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక పెట్టె పట్టుకుని ఆవిడ.

సంత ముగిశాక అంది. "ఏళ్ళ తరబడి వీళ్ళు నా పలకను నమ్మి కొంటున్నారు. ఆయనకొక ధర, వీళ్ళకొక ధర అయితే నా మొహం ఎలా చూపించను? వచ్చే వారం నువ్వు రానక్కర్లేదు."

నాకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. అప్పటిదాకా ప్రతి వాక్యమూ మనసులో కట్టుకుని గానీ నోరు తెరిచేదాన్ని కాదు. ఆ రోజు ఆగలేదు. పొద్దున వచ్చే మొదటి మనిషితోనే ఆ రోజు వ్యాపారం లోపలికి వస్తుందనీ, అతన్ని ఒట్టి చేతులతో పంపితే మా అత్త రోజంతా అన్నం కూడా సరిగా తినదనీ, నేను తగ్గించింది మీ ధర కాదు, తెరిచింది మీ రోజనీ గడగడా చెప్పేశాను. చెప్పడం అయ్యాక గానీ తెలియలేదు, అంతసేపూ మాట్లాడింది జర్మన్‌లోనని. తప్పులు ఎన్ని దొర్లాయో ఆవిడకే తెలియాలి. ఆవిడ మొత్తం విని, "డేరా మడుద్దాం పట్టు" అంది. అంతే.

ఆ రాత్రి అత్తకు ఫోన్ చేస్తే నన్ను ఓదార్చకుండా ఆవిడ మీద విరుచుకుపడింది. "బోణీ గిరాకిని ఉత్తసేతుల్తో పంపిచ్చేది యాడన్నా ఉందామ్మే? నువ్వు సేసిందాంట్లో తప్పేమీ లేదు." మళ్ళీ తనే, "అయినా ఆయమ్మ మాట గూడా నిజమేలే. ఆయమ్మ అంగడి అది. పో, పోయి నిలబడు. పొమ్మంటే అప్పుడు సూసుకుందాము" అంది.

రావద్దన్నా వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి, పెట్టెల వైపు చెయ్యి చూపింది. అన్నీ పేర్చాను. ధరల పలక నిలబెట్టాక ఆవిడ బల్లకు అవతలివైపు, గిరాకీలు నిలబడే చోటికి వెళ్ళింది. ఒక క్యారెట్ కట్ట తీసుకుంది. పలక మీద ఉన్న ధరకు సరిపడా నాణేలు తన పర్సులోంచి తీసి నా అరచేతిలో పెట్టింది.

"మొదటి మనిషిని నేనే. రోజు తెరుచుకుంది కదా? ఇక ఎవరి వెనకా పరుగెత్తకు."

ఆ నాణేలు కళ్ళకద్దుకుని డబ్బాలో వేశాను. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. నేనున్న ఆ ఏడాదంతా ప్రతి శనివారం మొదటి బేరం ఆవిడదే.