వెనక్కి తిరిగి చూసిన అడవిమనిషి

ఆదివారం తెలుగు బడిలో నా చేతిలోంచి సుద్దముక్క లాక్కున్నారు. ఇరవై ఏళ్లు అ ఆలు దిద్దించిన చెయ్యి ఇది! పిల్లల్ని కొట్టానా, తిట్టానా? ఒక కోతి మూలంగా లాక్కున్నారు.

నేను పడ్డ గొయ్యి ఎంత లోతో వింటే మీరు నవ్వుతారు. నవ్వండి. అప్పటికి నాకు డెబ్బై ఒకటే, దూకుడు వయసు.

మా యాంగాన్‌లో అందరి ఫోన్లలోకీ ఒక పాత ఫిలిం ముక్క వచ్చిపడింది. వెదురు పొదల పక్కన, ఒళ్లంతా నల్లటి జూలుతో ఒక ఆకారం గబగబా నడుస్తుంది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది. పొదల్లో దూరిపోతుంది. అంతే. బర్మా ఉత్తరపు కొండల్లో కథలుగా చెప్పుకునే అడవిమనిషి ఇదేనని కింద రాశారు.

చౌక్తడాలో మేం కూర్చునే టీకొట్టు రెండుగా చీలిపోయింది. పప్పుల దుకాణం సింహాచలం, మా తెలుగు సంఘం కార్యదర్శి, ఫోన్ బల్ల మీద పడేసి, "ఏటుంది సయా ఇందులో? ఎవడో ఏసం కట్టాడు" అన్నాడు. సయా అంటే ఇక్కడ మాస్టారు. నాలుగో తరగతిలో బడి మానేసి, చిత్తుకొట్ల పుస్తకాలు నమిలి పెరిగిన నాకు ఆ పిలుపే పట్టా.

"వేషాల సంగతి నాకా చెప్తావు? కుర్రతనంలో అమ్మవారి సంబరాలకి ఎలుగుబంటి వేషం కట్టినవాణ్ని! రేవులో తెగిన ఓడతాళ్లు పీచు పీచుగా విప్పి, నల్లరంగు పూసి, ఒంటికి కుట్టించుకున్నవాణ్ని. ఇది తాడు కాదు, అసలు జూలు."

"ఆ ఈపు మీద తెల్లచారేటి మరి?"

"వయసు! మగ గొరిల్లాలకి వీపు నెరుస్తుంది, చదువుకో. మోకాళ్లు చూడు, వంగే ఉన్నాయి. తొడలు అతుక్కుపోయాయి. అడుగులు జానెడు జానెడు. మనిషన్నవాడు ఇలా నడుస్తాడా?"

"ఏసమని తేలితే?"

"మళ్లీ సుద్దముక్క పట్టను!"

నాది నోరు కాదు, మూతలేని కాగు.

"అయితే తీసినోడినే అడుగు" అన్నాడు సింహాచలం. ఫిలిం మూలన చిమిండైంగ్‌లోని ఒక ఫోటో స్టూడియో ముద్ర ఉంది. దాని పెద్దాయన ఊ టిన్ ఇంకా ఉన్నాడని తెలిసింది. ఊ అంటే ఇక్కడ శ్రీ లాంటిది. ఎక్కడ తీశారు, తెల్లచార దేనికి, అడుగుకీ అడుగుకీ దూరమెంత అంటూ బర్మీస్‌లో ఏడు ప్రశ్నలు రాసి, కింద నా పేరు బారుగా సంతకం చేశాను. సింహాచలమే పట్టుకెళ్లి ఇచ్చొచ్చాడు. "జవాబు బడికే పంపమన్నాను సయా. అందరం ఇందాం" అని ఇకిలించాడు.

మొదటి వారం మీసం దువ్వుకున్నాను. రెండో వారం అన్నం సయించలేదు. వేషమే అయితే? ఆ పదకొండుమంది పిల్లలు తప్ప నన్ను మనసారా సయా అనేదెవరు? ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికి పోను? గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైతే చాలు, గుండె ఓడని కట్టిన తాడులా బిగుసుకునేది.

సేక్కాన్‌లో మా ఇంటి వరండాలో పరీక్ష పెట్టుకున్నాను. మోకాళ్లు వంచి, తొడలు బిగించి, జానెడు అడుగులతో అటూ ఇటూ నడిచాను. మనిషికి సాధ్యం కాదని రుజువు చెయ్యాలి కదా! ఘోరమేమిటంటే, పుట్టినప్పట్నుంచీ అలాగే నడుస్తున్నట్టు వచ్చేసింది.

మా ఆవిడ నరసమ్మ గరిటెతో బయటికొచ్చి చూసింది. "ఒంటేలొత్తే ఎల్లరాదేటి? ఈ తిప్పలేటి?"

"ఇది శాస్త్రం!" అని గర్జించాను. తరవాత వెళ్లాను కూడా, అది వేరే సంగతి.

మూడో ఆదివారం జవాబు వచ్చింది. సింహాచలం నల్లబల్ల ముందు నిలబడి, తెలుగు చేసి మరీ చదివాడు. సగంలోనే పిల్లలు బల్లల కింద దొర్లారు. చివరికి నా చేతిలో సుద్దముక్క లేదు. మూడేళ్లయింది, ఇంకా వాడి జేబులోనే ఉంది. ఇది అన్యాయమని ఇప్పటికీ అంటాను. అయినా సరే, వెనకనుంచి చూసిన ఏ ప్రాణి మీదా ఇక ఈ జన్మలో తీర్పు చెప్పనని అమ్మవారి మీద ఒట్టేస్తున్నాను. ఆ జవాబు ఇదీ:

"ఊ అప్పన్న గారికి. మీ పేరు చూడగానే గుర్తుపట్టాను. కొండా కాదు, అడవీ కాదు. నదికి అవతల మీ అమ్మవారి సంబరం. తెల్లచార, మీకు రంగు చాలక వదిలేసిన తాడు. మీరు వెనక్కి తిరిగింది నా కోసమే. ‘బాబూ, ముడి విప్పు, ఆగేలా లేదు’ అని అరిచారు. చేతిలో కెమెరా ఉండి విప్పలేకపోయాను, ఇన్నేళ్లకైనా క్షమించండి. అడుగుల దూరం కొలవలేదు గానీ, పొద దాకా మీరు ఆగలేకపోయారని మాత్రం బాగా గుర్తు."