నా పేరు మీద ఓపీ చీటీ

చైతన్యపురి మెట్రో స్టేషన్ మెట్లు రోజూ పరుగున ఎక్కేదాన్ని. ఎల్బీనగర్‌లో మా కాలేజీ హాస్పిటల్, ఏడున్నరకు డ్యూటీ. ఆ రోజు సగం మెట్ల దగ్గరే ఆగిపోయాను. ఆయాసం, దాని వెంటే దగ్గు. చలికాలం కదా, మంచు ఒంటికి పడలేదనుకున్నాను.

అప్పటికి పదేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, ఉద్యోగం మానేసి ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరాను. నా స్పెషాలిటీ గుండె, ఊపిరితిత్తుల జబ్బులు. నవ్వకండి, ముందు చాలా ఉంది. రెండో సంవత్సరం సగంలో ఉన్నాను. మా కోర్సులో వార్డు డ్యూటీ గంటలు తగ్గితే ఏడాది పోయినట్టే. ముప్ఫై అయిదేళ్ల వయసులో ఇంకో ఏడాది ఆగే ఓపిక నాకు లేదు. దగ్గుకు సెలవు పెట్టడమా!

హాస్పిటల్లో పనిచేసేవాళ్లకు ఒక అలవాటుంది. ఓపీ చీటీ రాయించుకోం. రౌండ్స్ అయ్యాక కారిడార్‌లో ఏ డాక్టరు కనిపిస్తే ఆయన్ను ఆపి, "సార్, కాస్త దగ్గు" అంటాం. ఆయన నడుస్తూనే ఏదో కాగితం ముక్క మీద మందు రాసిస్తారు. నేను వేర్వేరు రోజుల్లో అలా ముగ్గురిని ఆపాను. మొదటాయన అలర్జీ మాత్ర, రెండో ఆయన అజిత్రోమైసిన్, మూడో ఆయన లెవోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ రాశారు. ఎన్నాళ్ల నుంచి అని ముగ్గురూ అడిగారు. "నాలుగు రోజులు సార్" అన్నాను ముగ్గురితోనూ. నా దగ్గు వయసు ఎప్పుడూ నాలుగు రోజులే.

సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. థీసిస్ టెన్షన్‌కు చిక్కానని లోలోపల కాస్త మురిసిపోయాను కూడా. మూడో మందుకు దగ్గు తగ్గింది కూడా, ఇక గండం గడిచిందనుకున్నాను. పది రోజులకు మళ్లీ మొదలైంది. ఒకరోజు కర్చీఫ్ మీద సన్నటి రక్తపు చార కనిపించింది. నా రూమ్మేటు, క్లాస్‌మేటు కూడా అయిన స్వప్న అది చూసేసింది.

"ఏందక్కా ఇది? రెండు నెలల సంది దగ్గుతున్నవ్. ఒక్కసారన్న ఎక్స్‌రే తీపిచ్చుకున్నవా? మేడంకు నువ్వే చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

మేడం అంటే నా థీసిస్ గైడు. గుంటూరు వైపు మనిషి. నేనే వెళ్లి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కుర్చీ చూపించారు.

"ఇలాంటి పేషెంటు వస్తే ముందు ఏం చేయించాలమ్మా?"

"కఫం టెస్టు, ఎక్స్‌రే మేడం."

"మరి నువ్వెందుకు చేయించుకోలేదు?"

"ఏడాది పోతుందని" అన్నాను. ఆ మాట పైకి అనేసరికి ఏడుపు ఆగలేదు.

"గంటలు సెలవుల్లో చేసుకోవచ్చు. పర్మిషన్ తేవడం నా పని. ముందు వెళ్లి లైన్లో నిలబడు."

నిలబడ్డాను. చెస్ట్ ఓపీలో పేర్లు పిలుస్తున్నది మా కోర్సులో భాగంగా నేను పాఠం చెప్పిన బీఎస్సీ అమ్మాయే. నా పేరు చదివి నాలుక కరుచుకుంది. తల దించుకుని లోపలికి వెళ్లాను.

డాక్టరుగారు అడగ్గానే అలవాటుగా "నాలుగు..." అని మొదలుపెట్టాను. ఆయన పెన్ను కింద పెట్టారు.

"నిజం చెప్పున్రి మేడం. మీ పాత కాగితాలేవి?"

"లేవు సార్."

"ఇన్నేండ్ల సంది దవాఖానలనే ఉన్నరు, మీ పేరు మీద ఒక్క కాగితం లేదా?"

అప్పుడు మొత్తం చెప్పాను. లెవోఫ్లాక్సాసిన్ పేరు వినగానే తలూపారు. "గది టీబీని కొన్ని దినాలు అణిచిపెడ్తది, నయం చెయ్యది. రాసినాయన తప్పేం లేదు. మీరు నాలుగు రోజులన్నరు."

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. కఫానికి చేసే టీబీ పరీక్ష, సీబీనాట్, పాజిటివ్. మందులకు లొంగని రకం కాదని కింద రాసిన లైను నాలుగుసార్లు చదువుకున్నాను. స్వప్న ఎక్స్‌రే క్లియర్ అని తెలిసేదాకా మాత్రం ముద్ద దిగలేదు. దాని పక్కనే పడుకుని దగ్గాను కదా!

మొదటి రెండు వారాలు విడిగా ఉన్నాను. ఇక డ్యూటీకి వెళ్లొచ్చు అనుకుంటుండగా వాంతులు పట్టుకున్నాయి, కళ్లు పచ్చబడ్డాయి. టీబీ మందులు లివర్‌కు పడలేదు, రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ బాగా పెరిగింది. మందులు ఆపేసి, లివర్ తేరుకున్నాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టారు. మొత్తం ఆరు వారాలు పోయాయి. అందరూ ఊళ్లకు వెళ్లిన వేసవి సెలవుల్లో ఆ గంటలన్నీ చేశాను. లాగ్ బుక్కులో సంతకం పెట్టేముందు మేడం నన్ను వార్డులోని బరువు మిషన్ ఎక్కించి, పోయిన కిలోలు తిరిగొచ్చాయో లేదో చూశారు. పరీక్ష తోటివాళ్లతోనే రాశాను. మందుల కోర్సు పూర్తయ్యాక ఆఖరి కఫం రిపోర్టు చూసి డాక్టరుగారు, "అయిపోయింది మేడం. ఇగ నా దగ్గరికి రాకున్రి" అన్నారు. హాయిగా అనిపించింది. బయటికొచ్చి దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్లి స్వప్నకు మిర్చి బజ్జీలు కొనిపెట్టాను.

ఇప్పుడు ఓ నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నాలాగా హాస్పిటళ్లలో పనిచేసేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఒంట్లో బాగాలేకపోతే మీ పేరు మీద చీటీ రాయించుకుని, మొదటి రోజు నుంచి జరిగినదంతా ఒక్క డాక్టరుకే చెప్పండి. ఏడాది పోతుందని నేను రెండు నెలలు దాచాను. చెప్పాక పోయింది ఆరు వారాలే.