కాశేలి గోదాములో పదేపదే పడిన లాక్

లాక్‌డౌన్‌లు ముగిసిన మరుసటి ఏడాది నన్ను థానేలోని హెడ్డాఫీసు నుంచి కాశేలి గోదాముకు పంపారు. అప్పుడు నేనొక బట్టల కంపెనీలో సీనియర్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ని. భివండి మగ్గాల మీద నేసిన గుడ్డ ఆ గోదాము నుంచే లారీలెక్కేది. ఫిర్యాదు చిన్నదే. సరుకు పంపించే చోట ఉన్న కంప్యూటర్‌ను కాసేపు ముట్టుకోకపోతే లాకవుతోంది.

దాని మీద పనిచేసే రేణుక భివండిలో తెలుగువాళ్లుండే కామత్‌ఘర్ నుంచి వచ్చేది. బేళ్లు, అంటే గుడ్డ కట్టలు, సరిచూసి తిరిగొచ్చేసరికి తెర మూతపడేది. ఆమె మళ్లీ పాస్‌వర్డ్ కొట్టేలోగా బయట డ్రైవర్లు హారన్లు మోగించేవారు. సూపర్‌వైజర్ మల్లేశం బయటి మెకానిక్‌తో లాక్ తీయించాడు. మర్నాటికి అది మళ్లీ వచ్చింది. రెండోసారీ అంతే. దాంతో అతనికి రేణుక మీదే అనుమానం కలిగింది. ఆమెను ప్యాకింగ్‌కు మార్చేస్తానన్నాడు.

"గామెనే పెడుతున్నది సార్. లాక్ పడితే జర ఆరాం దొరుకుతది గద!" అన్నాడు నాతో.

"ఆరామా? గాడీవాళ్లతోని తిట్లు తినేది నువ్వా, నేనా అన్నా?" అంది రేణుక. పక్కనున్న డ్రైవర్లు నవ్వారు.

కంపెనీ కంప్యూటర్‌కు నియమాలు రెండు చోట్ల నుంచి అందుతాయి. ఆ యంత్రంలోనే పెట్టుకునేది లోకల్ పాలసీ. హెడ్డాఫీసు సర్వర్ నుంచి అన్ని యంత్రాలకూ వచ్చేది డొమైన్ పాలసీ. ఒకే విషయంలో రెండూ వేర్వేరుగా చెబితే డొమైన్‌దే చెల్లుతుంది. మెకానిక్ దొడ్డిదారిన మార్చినదాన్ని సర్వర్ తిరిగి యథాస్థితికి తెస్తోందన్నమాట. అమల్లో ఉన్న పాలసీల రిపోర్టు తీసి, లాక్ పంపుతున్నది మా సర్వరేనని మల్లేశానికి చూపించాను.

అతను రేణుక వైపు తిరిగి, "నీ తప్పేం లేదు చెల్లె" అన్నాడు.

"ఉత్త మాటనేనా? అందరికీ చాయ్ తెప్పియ్యి" అందామె. తెప్పించాడు.

హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే, లాక్ పూర్తిగా తీసేయడానికి మా సెక్యూరిటీ మేనేజర్ ఒప్పుకోలేదు. నలుగురూ తిరిగే చోట తెర తెరిచి ఉంచకూడదన్నది ఆయన వాదన. ఫోన్ రేణుక చేతికిచ్చాను. తీసేయమని తాను అడగడం లేదని, బేళ్లు చూసొచ్చేదాకా ఆగితే చాలని ఆమె హిందీలో గట్టిగా చెప్పింది. ఆయన సరేనన్నాడు. సర్వర్‌లో గోదాము కంప్యూటర్లను ప్రత్యేక విభాగం కింద చేర్చి, లాక్ పడటానికి ఎక్కువ గడువున్న పాలసీని దానికి జతచేశాను. ఇలా విభాగానికి ఇచ్చిన పాలసీ, మొత్తం డొమైన్‌కు ఇచ్చినదాన్ని మించి చెల్లుతుంది. మర్నాడు ఆ కొత్త సెట్టింగు మారలేదు. రేణుక కుర్చీ కూడా మారలేదు.

ఒక సెట్టింగు పదేపదే వెనక్కి వస్తుంటే, మనుషులను అనుమానించే ముందు అది ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. మినహాయింపు ఇవ్వాల్సి వస్తే, నియమం పుట్టిన చోటే ఇవ్వాలి.