బంక పట్టిన జొన్న

ఆ ఏడు జొన్న పూతమీద ఉన్నప్పుడు వారం రోజులు ఎండ మొహం చూడలేదు. తుపాను ఎక్కడో తీరం దాటిందని టీవీలో చెప్పారు. ఆత్మకూరు దగ్గర మా నల్లరేగడి చేను మీద మాత్రం మబ్బు కదల్లేదు. పొద్దున మంచు, పగలంతా సన్నటి తుంపర.

ఒకరోజు చేలో నడుస్తుంటే కంకి తగిలి చెయ్యి జిగటగా అయింది. గింజ కట్టాల్సిన చోట తేనెలాంటి బొట్లు, వాటి చుట్టూ చీమలు. బంక తెగులు. తర్వాత ఆ కంకుల్లో నల్లటి గట్టి ముక్కలు తయారవుతాయి. అవి మనిషికీ గొడ్డుకీ విషమే.

"ఈ కంకులు ఇప్పుడే కోసి కాల్చేద్దాం," అన్నాను నా భర్తతో. ఆయన సరేనని, ముందు వాళ్ళన్నకు ఫోన్ చేశాడు. మా బావ కర్నూలులో కాంట్రాక్టులు చేసుకుంటాడు. చేనుగట్టు తొక్కేది ఎప్పుడో ఒకసారి. అయినా సేద్యంలో ఆయన మాటే మాట.

"నాలుగు ఎండలు కాస్తే అదే పోతాది. పచ్చి కంకులు ఎవురన్నా కోయిస్తారా?" అన్నాడు బావ.

నా భర్త ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆ కంకులు అలాగే చేలో ఉండిపోయాయి.

కోతల ముందు మళ్ళీ వాన పడింది. బాగున్న కంకులకూ బూజు పట్టింది. నూర్చాక నేనూ, కోతకు వచ్చిన ఆడవాళ్ళూ కల్లంలో కూర్చుని జల్లించి, ఏరి, రెండు కుప్పలు పోశాం. మంచి గింజలది చిన్న కుప్ప.

మా ఊళ్ళో జొన్న కోతకు ఇప్పటికీ గింజలే కూలి. బావ కారు దిగి రెండు కుప్పలూ చూశాడు. "కూలికి దీంట్లో కొలువమ్మా," అని పెద్ద కుప్ప చూపించాడు. "పైన కొన్ని మంచివి కలుపు. వాళ్ళేం చూస్తారు."

ఆ ఆడవాళ్ళు పక్కనే నీళ్ళు తాగుతున్నారు. అందరూ విన్నారు. ఒకామె చెంబు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇవి తింటే పిల్లోళ్ళు పడిపోతారు బావా. నీకో మూట కట్టిస్తా, కర్నూలుకు తీస్కపోయి నీ ఇంట్లో వండించు."

బావ తమ్ముడి వైపు తిరిగాడు. "ఏమిరా, నీ పెండ్లాం ఏం మాట్లాడ్తాండాది?"

నా భర్త గింజలు కొలిచే శేరు తీసి నా చేతికిచ్చాడు. "సరిగ్గానే మాట్లాడ్తాండాదిన్నా. ఆ పొద్దే ఈయమ్మ మాట విన్నింటే బాగుండు," అన్నాడు.

నేను ఆ శేరుతో మంచి కుప్పలోంచే అందరికీ కూలి కొలిచాను. "ఇద్దరూ కలిసి సేద్యాన్ని ముంచినారు," అని బావ కారెక్కాడు. మిగిలిన నల్ల గింజల్ని చేనుమూల గుంత తీసి పూడ్చేశాం.

ఆ ఏడంతా కోటా బియ్యమే వండుకున్నాం. మరుసటి ఏడు ఏం విత్తాలో బావను అడగలేదు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఎదురైతే "బాగుండావామ్మా?" అంటాడు. బాగున్నానని చెప్పి లోపలికి వెళ్ళిపోతాను. మరచిపొమ్మని మా ఆడబిడ్డ అంటుంది. మరచిపోవడానికి నాకు మనసు రావడం లేదు.