టొరంటోలో సాయంత్రం ఏడు

మా ఆయన మూడు నెలల ప్రాజెక్టు పని మీద టొరంటో బయల్దేరిన పొద్దున, అమీర్‌పేటలో మా డాబా మీద నిలబడి, బేగంపేట నుంచి లేచిన విమానానికల్లా మా అత్తయ్య దండం పెట్టింది. ఏ విమానంలో ఆయన ఉన్నాడో ఇద్దరికీ తెలీదు.

"వాడు దిగిండని ఫోనొచ్చేదాంక నేను ముద్ద ముట్ట" అంది. అసలే షుగర్ మనిషి. వద్దన్నాను. "బోనాలప్పుడు పొద్దుమూకేదాంక ఉపాసం ఉంటలేనా? నువ్వేం ఫికర్ జెయ్యకు" అని నా నోరు మూయించింది.

పొద్దున ఏడింటికి ఎక్కి సాయంత్రం ఏడింటికి దిగుతానని టికెట్ చూసి ఆయనే చెప్పాడు. తల్లి భయపడుతుందని అన్నాడో, నిజంగానే అలా అనుకున్నాడో ఇప్పటికీ చెప్పడు. కంప్యూటర్ పాఠాలు చెప్పే నాకూ అనుమానం రాలేదు.

ఏడయింది. ఎనిమిదయింది. ఫోన్ మోగలేదు. టీవీ పెట్టాలంటే భయం. టికెట్ ఇచ్చిన ట్రావెల్స్ వాళ్లకు ఫోన్ చేద్దామంటే, "లైన్ ఖాళీగ ఉంచు, వాడు చేస్తుండొచ్చు" అని అత్తయ్య రిసీవర్ ముట్టుకోనివ్వలేదు. ఆటో ఎక్కి పంజగుట్టకు పరుగెత్తాను.

షట్టర్ దించబోతున్న ట్రావెల్స్ ఆయన తాపీగా చెప్పాడు. "అది అక్కడి టైమ్ మేడమ్. వాళ్లకు సాయంత్రం ఏడంటే మనకు రేపు తెల్లవారుజాము. మీవారు ఇప్పుడిప్పుడే సగం దారి దాటుంటారు."

ఆయన క్షేమమన్న సంతోషం క్షణం కూడా నిలవలేదు. ఇంట్లో మనిషి తెల్లారేదాకా తినదు!

తిరిగొచ్చేసరికి అత్తయ్య సోఫాలో ఒరిగిపోయి ఉంది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. అన్నం మానేసింది గానీ షుగర్ బిళ్ల మాత్రం మర్చిపోకుండా వేసుకుందట. షుగర్ పడిపోయిందని అర్థమై, గుప్పెడు చక్కెర తెచ్చి నోట్లో పోశాను. కాసేపటికి కళ్లు తెరిచి, "దిగిండా?" అంది.

"ఇంకా గాల్లోనే ఉన్నారు. తెల్లారాక దిగుతారు."

అంతే, నోట్లో మిగిలిన చక్కెరను అరచేతిలోకి ఉమ్మేసింది.

పెళ్లయినప్పటి నుంచి ఆవిడ ముందు గొంతు పెంచి ఎరగను. ఆ రోజు అరిచాను. "ఆయన దిగగానే ముందు మీ గురించే అడుగుతారు. 'మీ కోసం పస్తుండి మీ అమ్మ పోయింది' అని ఆయనకు చెప్పమంటారా?"

ఆ మాట నా నోటి నుంచే వచ్చిందా అని బిత్తరపోయాను. ఆవిడ నన్నే చూస్తూ చూస్తూ నోరు తెరిచింది. పెరుగన్నం కలిపి పెట్టాను. ముద్దముద్దకూ ఏడ్చింది.

తెల్లవారి ఫోన్ మోగింది. దిగానని కూడా చెప్పలేదు ఆయన. "అమ్మ తిన్నదా?" అన్నాడు. ఆవిడ సంగతి ఆయనకు తెలుసు.

అత్తయ్య రిసీవర్ లాక్కుంది. "తిన్న బిడ్డా. నువ్వు దిగకముందే తిన్న. పాపముంటే నా మీదనే ఎయ్యమని, నీ పెండ్లాం జోలికి రావద్దని రాత్రి ఎల్లమ్మ తల్లికి మొక్కుకున్న."

రాత్రి ఆవిడ తిని నిద్రపోయిందనే నేను అనుకున్నాను.