బేసి గిటారు

మా అమ్మ దాన్ని బేసి గిటారు అంటుంది. బేసు అని పదిసార్లు చెప్పాను. "అదేలే, బేసి" అంటుంది. చిన్నప్పుడు చింతగింజలతో సరి బేసి ఆడిన మనిషి, ఆ మాటే నోటికి వస్తుంది. లెక్కల టీచర్ని కాబట్టి ఊరుకోలేక ఒకసారి, "దానికుండేది నాలుగు తీగలమ్మా, నాలుగు సరి సంఖ్య" అన్నాను. "తీగలు సరేలే నాయనా, వాయించేవాడు బేసి గదా" అంది. నాది ఎడమచేతి వాటం. ఆ రోజు నుంచి ఆమెను దిద్దడం మానేశాను.

మాది తర్లుపాడు దగ్గర పల్లె. మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఆదివారం మా ఊరి ప్రార్థన మందిరంలో బేసు వాయిస్తాను. వాయిస్తాను అంటే, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నంత. కీబోర్డు ఒకతను, డ్రమ్ములు ఒకతను, పాడే ఆడవాళ్ళు నలుగురు, అందరికంటే చివరన నేను. చివర ఎందుకంటే, లోకంలో అందరి గిటారు మెడ ఎడమకు తిరిగితే నాది కుడికి తిరుగుతుంది. మొదటి ఆదివారం మధ్యలో నిలబెడితే కీబోర్డు తమ్ముడి కళ్ళద్దాలు ఎగిరి కింద పడ్డాయి. అప్పుడు నన్ను ఆడవాళ్ళు కూర్చునే వైపు అంచుకు తోశారు. అక్కడ ముందు వరుసలో కూర్చునే అవ్వ ఒకామె, నా గిటారు మెడ కళ్ళ ముందుకు రాగానే దానికి తన చేతిసంచి తగిలించబోయింది.

బేసుతో ఉన్న చిక్కు ఏమిటంటే, అది మోగుతున్నంతసేపు ఎవరికీ తెలియదు. ఆగితే మాత్రం పాట బోసిపోతుంది. ఎందుకు బోసిపోయిందో కూడా ఎవరికీ తెలియదు. నాకు అదే ఇష్టం. కనపడకుండా ఒక పాటను మోయడంలో ఉన్న సుఖం వాయించేవాడికే తెలుస్తుంది. నాయన మాత్రం, "నీది యాడ మోగుతాదిరా, నాకైతే వినపడదు" అనేవాడు. ఆ మాట కొంచెం గుచ్చుకునేది.

నాయన మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. రాతిని పొరలుగా చీల్చడం, కోయడం, అంచులు అరగదీయడం ఆయన పని. ఇప్పుడు పని మానేసి మందిరంలో సంఘపెద్దగా ఉన్నాడు. నేను పలక మీద మొదటి అక్షరం ఎడమ చేత్తో రాసినప్పుడు, ఆ చేతిని తువ్వాలుతో నా నడుముకు కట్టేసింది ఆయనే. కొట్టలేదు, తిట్టలేదు. కట్టి, బలపం కుడిచేతిలో పెట్టాడు. రాయడం మారింది గానీ మిగతా పనులన్నీ ఎడమ చేతివే.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. ఏదైనా ఇచ్చేటప్పుడు నేను ఎడమ చెయ్యి చాస్తే ఇవ్వడు. టీ గ్లాసైనా, తాళంచెవైనా, చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడి ఉంటాడు, నా కుడి చెయ్యి వచ్చేదాకా. నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా అదే వరస. నాకు కోపం రాలేదా అంటే, వచ్చింది. ఒకసారి టీ వద్దని లేచిపోయాను. ఆయన గ్లాసు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడని తర్వాత అమ్మ చెప్పింది. దాంతో నాకే సిగ్గేసింది.

ఈ గిటారు గిద్దలూరులో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా మానుకున్న ఒకాయన దగ్గర కొన్నాను. కుడిచేతి వాళ్ళది. ఎడమచేతి వాళ్ళకు వేరే ఉంటాయట. మా వైపు ఏ దుకాణంలోనూ కనపడలేదు. అందుకని తీగలన్నీ ఊడదీసి, వరస తిప్పి బిగించాను. మెడ చివర ఒక తెల్లటి ముక్క ఉంటుంది. దాని మీద నాలుగు గాడులు, ఒక్కో తీగ లావుకు తగ్గట్టు ఒక్కోటి. వరస తిప్పేసరికి సన్న తీగకు వెడల్పు గాడి, లావు తీగకు సన్న గాడి వచ్చాయి. సన్నదాని కింద అగ్గిపెట్టె అట్ట మడిచి పెట్టాను. లావుది మాత్రం గాడిలో దిగకుండా పైనే కూర్చుంది.

అది ఒక ఆదివారం పాట నడిమధ్యలో జారింది. స్పీకర్లలో ఢబ్బుమని మోగింది. ఏదో కాలిపోయిందని మైకుసెట్టు అతను కరెంటు తీసేశాడు. చంటిపిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. సంచి అవ్వ "స్తోత్రం" అని అరిచింది. నాయన తల దించుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఒకటే మాట అన్నాడు. "వచ్చే నెల కోతల పండగ. పక్క సంఘాల పెద్దలొస్తారు. అందరి మాదిరి కుడిచేత్తో వాయిస్తే వాయించు. లేకుంటే ఆ పొద్దుకు పక్కన కూర్చో."

ఆ ఒక్కరోజు పక్కన కూర్చుంటే ఇక ఎప్పటికీ కూర్చున్నట్టేనని నాకు తెలుసు. వారమంతా ఆ ఆదివారం కోసమే బతుకుతున్నవాణ్ణి. అందుకే రోషం మింగి తీగలు మళ్ళీ అసలు వరసలో బిగించాను. బడి నుంచి రాగానే వసారాలో కూర్చుని కుడిచేత్తో మీటడం మొదలుపెట్టాను. నా కుడి చెయ్యి క్లాసులో వెనక బెంచీ వాడిలాగా, ఏది అడిగినా దిక్కులు చూసేది. మూడు వారాలు గడిచినా ఒక్క పాట కూడా నడవలేదు.

ఒకరోజు నాయన వసారా చివర కూర్చుని విత్తనాలకు వేరుశనగ కాయలు వలుస్తున్నాడు. ఉన్నట్టుండి, "ఆపురా" అన్నాడు. "ఏంది ఆ వాయించడం? మొన్నటిదాకా ఇట్ల లేదే."

"మొన్నటిదాకా నీకు వినపడేదా?" అన్నాను ఉక్రోషంగా.

"ఇట్ల తే దాన్ని" అన్నాడు. "ఆ పొద్దు తీగ ఎందుకు ఊడింది?"

వరస తిప్పిన సంగతి, గాడుల సంగతి చెప్పాను. తెల్ల ముక్క మీద బొటనవేలి గోరు పెట్టి ఒక్కో గాడిలో నెమ్మదిగా లాగాడు. రెండోసారి లాగాడు. తర్వాత గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీ చెయ్యి వల్ల అనుకుంటి" అన్నాడు. "తప్పు చేతిది కాదురా. గాడిది."

వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "ఎవుర్ని గాడిదంటాండావు? బిడ్డనంటే ఊరుకునేది లే."

నాయన నవ్వాపుకోలేకపోయాడు. నేనూ నవ్వాను. విషయం తెలిశాక అమ్మ కూడా నవ్వింది. నా ఎడమ చెయ్యి గురించి అమ్మా, నాయనా, నేనూ కలిసి నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే మంచం కింద నుంచి గోనెసంచి మూట లాగాడు. అందులో అరగదీసే ఆకురాళ్ళు, విరిగిన రంపం బ్లేడు ముక్కలు, నాలుగైదు పలక రాళ్ళు ఉన్నాయి. ఒక్కో రాయిని చెవి దగ్గర పెట్టుకుని గోరుతో తట్టాడు. బోలుగా మోగినవాటిని పక్కన పడేశాడు, లోపల పొర విడిపోయి ఉంటుందట. ఏరిన మొదటి రాయి గాడి కోస్తుండగానే రెండుగా చీలింది. ఇంకోటి తీసుకున్నాడు. నీళ్ళు చల్లి అరగదీసి, తెల్ల ముక్క పక్కన పెట్టి కొలత చూసి, మళ్ళీ అరగదీశాడు.

"లావుది ఏ పక్క?" అని అడిగాడు.

చూపించాను.

"మళ్ళా ఒకసారి చూసి చెప్పు. రాతి మీద కోసినాక పూడ్చలేం. ఎడంచేత్తోనే గదా నువ్వు వాయించేది?"

"ఆ" అన్నాను.

నాలుగు గాడులకు గంటసేపు పట్టింది. ప్రతి గాడిలోనూ తీగ పెట్టి చూశాడు. చివరికి రాతిపొడి ఊది, ముక్కను నా వైపు చాచాడు. నా కుడి చేతిలో గిటారు మెడ ఉంది. ఎడమ చెయ్యి ముందుకు పోయింది. వెంటనే వెనక్కి లాక్కుని, గిటారు కింద పెట్టి కుడి చెయ్యి చాచబోయాను.

"ఉండనీలే" అని, నాయన ఆ రాతిముక్కను నా ఎడమ అరచేతిలో పెట్టాడు.

ముక్క తడిగా, చల్లగా ఉంది. కాసేపు నాకు గాడులు కనపడలేదు. ఆయన ఆకురాళ్ళను ఒక్కొక్కటే గోనెసంచిలోకి సర్దుతున్నాడు, ఆ పనికి అంతసేపు అవసరం లేదు.

కోతల పండగ రోజు మందిరం ముందుభాగమంతా కందులు, సజ్జలు, గుమ్మడికాయలు. గడప బయట కట్టేసిన కానుక మేకపోతు పాటకు అడ్డం పడి అరుస్తూనే ఉంది. మళ్ళీ వరస తిప్పి బిగించిన లావు తీగ, రాతిముక్క గాడిలోంచి కదలలేదు. మూడు పాటలయ్యాయి. నాలుగోదానికి కీబోర్డు తమ్ముడు ఏదో సరిచేసుకుంటుంటే, ముందు వరుసలో నాయన పక్కన కూర్చున్న కొమరోలు సంఘం పెద్దాయన, చెవుడు ఉన్నవాళ్ళ గొంతుతో అడిగాడు.

"ఏందన్నా, మీవోడు పుర్రచెయ్యా? చిన్నప్పుడే మాన్పించకపోయినారా?"

మందిరంలో సగం మందికి వినపడింది. నేను తీగల వైపు చూస్తూ నిలబడ్డాను.

"మాన్పించాలనే చూస్తిని" అన్నాడు నాయన, అంతే గట్టిగా. "నాదే తప్పు. వాని చెయ్యి అదే."

పాట మొదలైంది. మొదటి చరణంలో నా బేసు మీద నాలుగు స్వరాలు వరసగా తప్పు పడ్డాయి. పాడేవాళ్ళు పాడుతూనే ఉన్నారు. కీబోర్డు తమ్ముడు గమనించలేదు. సంచి అవ్వ చప్పట్లు ఆపలేదు.

నాయన ఒక్కడు తల తిప్పి నా వైపు చూశాడు.